దెబ్బ మానిన గుర్రానికి ఎంత పోటీ పెట్టాలి?

సూరత్‌లో నెల రోజులున్నవాడికైనా ఘోడ్‌దోడ్ రోడ్డు తెలుస్తుంది. అన్నీ బట్టల షాపులు, బంగారం షాపులు. సాయంత్రమైతే స్కూటర్ పెట్టడానికి కూడా చోటుండదు. ఘోడ్ అంటే గుర్రం, దోడ్ అంటే పరుగు. నేను 2014లో పెన్షన్ మీద వచ్చి ఇక్కడ ఒక టెక్స్‌టైల్ మార్కెట్లో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేరాను. మొదటి వారంలో ఒక ఆటోవాడు "ఘోడ్‌దోడ్, ఘోడ్‌దోడ్" అని అరుస్తుంటే ఠక్కున తల తిప్పాను. ఇరవై ఎనిమిదేళ్ళు రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో గుర్రాల మధ్య బతికినవాణ్ణి. ఆ మాట వినపడితే తల తిరగక ఏమవుతుంది!

గుర్రాల విషయంలో ఈ ఊరికి ఇంకో పేరు కూడా ఉంది. అదే పాంజ్రాపోల్, అంటే జంతువుల ఆశ్రయం. 1689లో సూరత్ చూసిన ఓవింగ్టన్ అనే ఇంగ్లీషు పాదిరీ దీని గురించి రాశాడు. ఊరికి మైలు దూరంలో బనియాలు ఒక పెద్ద ఆస్పత్రి నడుపుతున్నారనీ, జబ్బుపడ్డ, కుంటిపడ్డ, ముసలివైపోయిన ఆవులు, గుర్రాలు, మేకలు, కుక్కలు అందులో ఉంటాయనీ చెప్పాడు. తర్వాత కంపెనీ ఉద్యోగి జేమ్స్ ఫోర్బ్స్ తన పుస్తకంలో 1772 నాటి జాబితా ఇచ్చాడు. గుర్రాలు, కంచరగాడిదలు, ఎద్దులు, గొర్రెలు, కోతులు, పక్షులు, వీటన్నిటితో పాటు 75 ఏళ్ళుగా అక్కడే ఉన్న ఒక ముసలి తాబేలు. ఎలుకలకీ నల్లులకీ కూడా ఒక గది ఉండేదట. కాలు విరిగిన జంతువును తీసుకొస్తే యజమాని కులం, దేశం అడగకుండా చేర్చుకునేవారు.

అంటే పరిగెత్తే గుర్రానికీ, ఇక పరిగెత్తలేని గుర్రానికీ రెండిటికీ ఈ ఊళ్ళో చోటు దొరికింది. ఈ రెండిటికీ మధ్యలో ఇంకో గుర్రం ఉంటుంది. దెబ్బ తగిలింది, మందు పడింది, నెలలు గడిచాయి, ఇప్పుడు కుంటడం లేదు. ముందర పోటీ ఉంది. దించాలా? దించితే ఎంతవరకు? నా సర్వీసంతటిలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇదే. మన సంఘం సంచికకి ఏదైనా రాయమని అడిగినప్పుడు దీని గురించే రాద్దామనుకున్నాను. నేను చదివింది ఇంటర్ వరకే, తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఇది చదివేవాళ్ళలో ఆర్టిలరీ, సిగ్నల్స్, నేవీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళే ఎక్కువ. గుర్రాల గొడవ మాకెందుకని అనుకోవద్దు. లో మెడికల్ క్యాటగిరీ నుంచి మళ్ళీ షేప్ వన్‌కి వచ్చిన జవాన్‌ని మర్నాడే ఇరవై కిలోమీటర్ల రూట్ మార్చ్‌కి పంపాలా వద్దా అన్న ప్రశ్న మీరందరూ చూసిందే. తేడా ఒక్కటే. జవాన్ నోరు విప్పి చెప్పగలడు. గుర్రం చెప్పలేదు.

ముందు పాత సంగతులు. మొగలాయిల కాలంలో సూరత్ పెద్ద రేవు. ఇంగ్లీషువాళ్ళు 1613లో ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. అరబ్బు గుర్రాలు, పారసీక గుర్రాలు ఓడల్లో వచ్చి ఇలాంటి రేవుల్లోనే దిగేవి. ఓడలో గుర్రం వారాల తరబడి నిలబడే ఉంటుంది. కాళ్ళు వాస్తాయి, ఒళ్ళు తగ్గుతుంది. దిగిన గుర్రం చూడ్డానికి నిలబడే ఉంటుంది గానీ పనికి తయారు కాదు. సూరత్ నుంచి మన గోల్కొండ దాకా దారి ఎలా ఉంటుందో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే మజిలీ మజిలీ రాశాడు. మనుషుల్ని మోసేదీ, బండి లాగేదీ ఎక్కువగా ఎద్దులేనని ఆయన మాట. గుర్రం అంత ఖరీదు, అంత సున్నితం.

ఇంకా వెనక్కి వెళితే మార్కో పోలో ఉన్నాడు. మన మోటుపల్లి గురించీ, అక్కడ ఏలుతున్న రాణి గురించీ రాసింది ఆయనే. ఆ రాణి రుద్రమదేవేనని చరిత్రకారులు చెబుతారు. ఆయనే తమిళ తీరం గురించి రాస్తూ, అక్కడి రాజులు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటారనీ, సంవత్సరం తిరిగేసరికి వందైనా మిగలవనీ, చూసుకోవడం తెలిసినవాళ్ళు లేకపోవడమే కారణమనీ అన్నాడు. లెక్కలో కొంత అతిశయం ఉండొచ్చు. విషయం మాత్రం నిజమనే అనిపిస్తుంది. డబ్బున్నవాడు గుర్రాన్ని కొనగలడు, దాన్ని నిలబెట్టుకోవడం వేరే విద్య. ఆ విద్య మన దగ్గర లేదని కాదు. శాలిహోత్రుడి శాస్త్రం ఉంది. తెలుగులోనే మనుమంచి భట్టు హయలక్షణ విలాసము అని పద్యాల్లో అశ్వశాస్త్రం రాశాడు. విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథి అన్న పేరుతో గుర్రాలు చూసుకున్న కథ మన పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు.

భారతంలోనే నాకు ఇంకో ఘట్టం ఇష్టం. సైంధవ వధ నాడు అర్జునుడికి గడువు సూర్యాస్తమయం. అది దాటితే అగ్నిలో దూకుతానని శపథం చేశాడు. అంతకు మించిన గడువు ఏ పోటీకీ ఉండదు. అలాంటి రోజున, శత్రు సైన్యం మధ్యలో, గుర్రాలు బాణాలు తగిలి అలిసిపోయాయని రథం ఆపారు. అర్జునుడు కిందికి దిగి నేలమీద నిలబడి యుద్ధం చేశాడు, బాణంతో మడుగు పుట్టించాడు. కృష్ణుడు గుర్రాలు విప్పి, బాణాలు పీకి, మాలిష్ చేసి, నీళ్ళు తాగించి, నేలమీద పొర్లనిచ్చి, ఆ తర్వాతే మళ్ళీ కట్టాడు. ఆపుదామని అన్నది గడువు ఉన్నవాడే. పగ్గాలు పట్టినవాడు దానికి ఒప్పుకున్నాడు. మీరట్‌లో రిక్రూట్లకి స్టేబుల్ మేనేజ్‌మెంట్ చెప్పేటప్పుడు నేను ఈ కథతోనే మొదలుపెట్టేవాణ్ణి.

కానీ లోకం పాడుకునే కథ వేరు. 1576లో హల్దీఘాటీలో దెబ్బతిన్న కాలితో రాణా ప్రతాప్‌ని దాటించి ప్రాణం విడిచిందని చేతక్ కథ. అందులో తప్పు లేదు, అది యుద్ధం. అయితే దెబ్బతిన్న గుర్రం పరిగెడితేనే గొప్ప అన్న మాట మన మనసుల్లో నాటుకుపోయింది. పోటీ మైదానంలో ఆ మాట చాలా గుర్రాల్ని చంపింది.

1892లో వియన్నా నుంచి బెర్లిన్ వరకు ఆస్ట్రియా, జర్మనీ ఆఫీసర్లు గుర్రాల మీద పందెం వేసుకున్నారు. దూరం దాదాపు 600 కిలోమీటర్లు. గెలిచిన ఆస్ట్రియా ఆఫీసరు మూడు రోజుల లోపే బెర్లిన్ చేరాడు. ఆ గెలిచిన గుర్రమే తర్వాత చచ్చిపోయింది. తర్వాత 1899 నుంచి 1902 దాకా బోయర్ యుద్ధం. బ్రిటిష్ సైన్యం పోగొట్టుకున్న గుర్రాలు మూడు లక్షలకు పైమాటే. తూటా తగిలి పోయినవి కొద్ది. ఓడ దిగిన గుర్రాల్ని విశ్రాంతి లేకుండా నేరుగా రైలెక్కించి ఫ్రంట్‌కి పంపారు. తిండి చాలక, పని ఎక్కువై పోయాయి.

ఆ దెబ్బతో బుద్ధి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో బ్రిటిష్ వెటర్నరీ ఆస్పత్రులు నడిచిన తీరు వేరు. యుద్ధం అంతా కలిపి 25 లక్షలకు పైగా కేసులు చేరాయి, దాదాపు 80 శాతం తిరిగి పనికి వెళ్ళాయి. ఎలా వెళ్ళాయన్నది చూడాలి. ఆస్పత్రి నుంచి నేరుగా రెజిమెంట్‌కి కాదు. కోలుకునే గుర్రాలకి వేరే డిపోలు పెట్టారు. అక్కడ మేసి, ఒళ్ళు చేసి, తర్వాత రిమౌంట్ డిపోకి వెళ్ళి, అక్కడ పనిలో పెట్టి చూసి, అప్పుడు యూనిట్‌కి ఇచ్చేవారు. గుర్రం కావాలని కేకలు వేసే యూనిట్ చేతిలో ఆ నిర్ణయం ఉంచలేదు. మన దేశంలో ఆర్మీ వెటర్నరీ కోర్ 1920 డిసెంబర్ 14న ఏర్పడింది. ఆ రోజునే మేము కోర్ డే చేసుకుంటాం. ఆ యుద్ధం నేర్పిన పద్ధతులు మా ఉస్తాదుల నోట మా దాకా వచ్చాయి.

ఇక ఆట సంగతి. ఇప్పుడు ఈవెంటింగ్ అనే మూడు రోజుల పోటీ పుట్టిందే సైన్యంలో, ఆఫీసరు గుర్రానికి పరీక్షగా. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో చేరింది. ఇక్కడ జేసీవో మిత్రులకి ఒక ముచ్చట చెప్పాలి. 1948 దాకా ఒలింపిక్ గుర్రపు స్వారీలో సైన్యం తరఫున దిగాలంటే కమిషన్డ్ ఆఫీసరై ఉండాలి. స్వీడన్ వాళ్ళు గెనాల్ పెర్సన్ అనే సార్జంట్‌ని లండన్ పోటీల కోసం లెఫ్టినెంట్‌ని చేశారు, డ్రెసాజ్‌లో జట్టుకి గోల్డ్ వచ్చింది, అవి అయిపోగానే మళ్ళీ సార్జంట్‌ని చేశారు. సంగతి బయటపడి మెడల్ వెనక్కి తీసుకున్నారు. ఆ గొడవతోనే రూలు మారింది, 1952 నుంచి అన్ని ర్యాంకుల వాళ్ళకీ తలుపు తెరిచారు. 1982 ఢిల్లీ ఆసియాడ్‌లో 61 కావల్రీ దఫాదార్ రఘుబీర్ సింగ్ సాబ్ ఈవెంటింగ్‌లో గోల్డ్ కొట్టాడంటే దాని వెనక ఆ సార్జంట్ కూడా ఉన్నాడని నేను అంటాను. ఆ పోటీలో సిల్వర్, బ్రాంజ్ కూడా మనకే వచ్చాయి, జట్టు గోల్డ్ కూడా వచ్చింది. రఘుబీర్ సింగ్ సాబ్‌కి అర్జున, తర్వాత పద్మశ్రీ ఇచ్చారు.

అసలు విషయానికి వస్తాను. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ ఈవెంటింగ్‌లో 50 మంది బయలుదేరితే 27 మందే చివరిదాకా వచ్చారు, మూడు గుర్రాలు చచ్చిపోయాయి. నీళ్ళ గుంట దగ్గర పడ్డవే ఎక్కువ. ఇలాంటివి జరిగే కొద్దీ రూలు బిగుసుకుంటూ వచ్చింది. పోటీకి ముందు ఒకసారి, క్రాస్ కంట్రీ మర్నాడు పొద్దున ఒకసారి గుర్రాన్ని చేత్తో పట్టుకుని జడ్జీల ముందు, డాక్టర్ ముందు దుల్కీలో నడిపించాలి. అనుమానం వస్తే పక్కన నిలబెడతారు, బాగాలేకపోతే అక్కడే ఆపేస్తారు. పాత పద్ధతిలో క్రాస్ కంట్రీ ముందు పది నిమిషాలు నిలబెట్టి నాడి, ఊపిరి చూసేవారు. అప్పట్లో క్రాస్ కంట్రీకి ముందే రోడ్ల మీద మైళ్ళ కొద్దీ నడక, స్టీపుల్‌చేజ్ ఉండేవి. 2004 ఏథెన్స్ నుంచి ఒలింపిక్స్‌లో వాటిని తీసేశారు. ఎంత పని పెట్టాలన్నది రైడర్ ఒక్కడి మనసుకి వదలకూడదని ఇన్నేళ్ళకి లోకం ఒప్పుకున్నదన్నమాట.

రూలు చూసేది మాత్రం ఆ రోజు కుంటుతోందా లేదా అని. ఆరు నెలల కింద కాలికి ఏమైందో రూలుకి తెలియదు. అది యూనిట్ వాళ్ళే చూసుకోవాలి.

గుర్రం ముందు కాలికి మోకాలి కింద కండ ఉండదు. ఎముక, దాని వెనక తాడు లాంటి నరం, దాన్నే టెండన్ అంటాం. సర్‌పట్‌లో, దూకి దిగేటప్పుడు ఒంటి బరువుకి రెండింతలకు పైగా భారం ఒక్క కాలి మీద పడుతుంది. టెండన్‌లో పోగులు తెగితే మానుతుంది గానీ, అతుకు వేసిన తాడులా మానుతుంది, పాత సాగుడు గుణం రాదు. పాత రోజుల్లో దీనికి కాల్చిన ఇనుముతో వాతలు పెట్టేవారు, మన ఊళ్ళల్లో ఎద్దులకి పెట్టినట్టే. దాన్ని మా కోర్‌లో ఫైరింగ్ అనేవారు. కొత్తగా పోస్టింగ్ మీద వచ్చిన ఇన్‌ఫాంట్రీ వాడెవడో అది విని రేంజ్ ఎక్కడ సాబ్ అని అడిగాడట. 1983లో ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ యూనివర్సిటీ వాళ్ళు పరీక్షించి వాతల వల్ల ఏ లాభమూ లేదని తేల్చారు. వాత పెట్టిన గుర్రాలు బాగయ్యాయంటే వాత వల్ల కాదు, వాత పెట్టాక తప్పనిసరిగా ఇచ్చే నెలల విశ్రాంతి వల్ల. ఆ తర్వాత అల్ట్రాసౌండ్ వచ్చింది, లోపల ఎంత మానిందో కంటితో చూడటం కుదిరింది.

ఇందులో ఒక మోసం ఉంది. గుర్రం ఊపిరి, కండ వారాల్లో తయారవుతాయి. టెండన్ నెలల్లో తయారవుతుంది. అందుకే ఆరో నెలలో గుర్రం కళకళలాడుతూ ఉంటుంది, థాన్‌లో ఆగదు, సయీస్‌ని లాక్కుపోతుంది. చూసినవాడు ఇంకేం, ఫిట్ అంటాడు. మొదట రోజుకి పది నిమిషాల చేతి నడక, మెల్లగా పెంచుతూ మూడో నెల ప్రాంతంలో కొంచెం దుల్కీ, ఆ తర్వాత క్యాంటర్, పూర్తి పోటీకి తొమ్మిది నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇది ఓపిక పరీక్ష, గుర్రానికి కాదు, మనకి.

1990ల చివర్లో నేను దఫాదార్‌ని. యూనిట్ పేరు, గుర్రం పేరు రాయను. ఎడమ ముందు కాలు టెండన్‌తో ఏడు నెలలు సిక్ లైన్స్‌లో ఉన్న ఒక గోధుమ రంగు గుర్రం నా చేతిలో ఉండేది. డాక్టర్ సాబ్ తేలిక పనికి పాస్ చేశారు. తేలిక పని అంటే ఏమిటో కాగితం మీద లేదు. డ్రెసాజ్ ఒక్కటి, లేదా చిన్న జంపింగ్ ఒక్కటి అని నేను అనుకున్నాను. ఇంతలో జట్టులో ఇంకో గుర్రానికి కడుపునొప్పి వచ్చింది. ముగ్గురు లేకపోతే జట్టు లేదు. ఇదేమో దుల్కీలో శుభ్రంగా ఉంది. మూడు రోజుల పోటీకి పేరు ఇచ్చేశారు. రెండో రోజు క్రాస్ కంట్రీ చేసి వచ్చింది, అందరూ శభాష్ అన్నారు. సాయంత్రం కాలు తడిమితే ఎడమ కాలు కుడి కాలి కంటే కొంచెం వెచ్చగా తగిలింది. కొంచెమే. ఐస్ పెట్టాను, కట్టు కట్టాను. పొద్దున దుల్కీలో పాస్ అయింది. వేడి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అడిగితే చెబుదామనుకున్నాను, ఎవరూ అడగలేదు. జంపింగ్‌లో ఐదో అడ్డంకి దిగేటప్పుడు కూర్చుండిపోయింది. మళ్ళీ పోటీకి రాలేదు. తప్పు పేరు ఇచ్చినవాళ్ళదని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఆ వేడి తెలిసింది నా ఒక్కడి చేతికే.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. పని చేసిన మర్నాడు పొద్దున దానా పెట్టక ముందే రెండు కాళ్ళూ తడిమి నోట్‌బుక్కులో రాయడం, రెండో రోజు మళ్ళీ చూసి రాయడం. మర్నాటి కంటే రెండో రోజే నిజం ఎక్కువ చెబుతుంది. దెబ్బ తగలని కాలు కూడా చూడాలి, ఇన్నాళ్ళూ బరువంతా మోసింది అదే. రైడర్ చెప్పే లెక్క కూడా సరిగా ఉండదు. రింగ్‌లో పన్నెండు అడ్డంకులే కదా సాబ్ అంటాడు. బయట వార్మప్‌లో దూకించిన ఇరవై చెప్పడు. ట్రక్కులో రెండు రోజుల ప్రయాణం చెప్పడు. అందుకే నేను పోటీల్ని కాదు, దూకుళ్ళని లెక్కపెట్టేవాణ్ణి. మొదటి పోటీ అది ఇంతకు ముందు చేసిన స్థాయి కంటే ఒక మెట్టు కింద. తర్వాత మూడు నాలుగు వారాలు ఖాళీ. నేల చూడాలి: లోతు ఇసుక టెండన్‌ని లాగుతుంది, గట్టి నేల కీళ్ళని కొడుతుంది. టెంట్ పెగ్గింగ్ ఎంతసేపు, కొన్ని సెకన్లే కదా అంటారు గానీ నా దృష్టిలో టెండన్ గుర్రానికి అదే అన్నిటికంటే చెడ్డది. ఒక్కసారిగా సర్‌పట్, ఒక్కసారిగా ఆపడం. దీని మీద నాతో వాదించిన ఉస్తాదులున్నారు.

2018లో జకార్తా ఆసియాడ్‌లో బెంగుళూరు కుర్రాడు ఫవాద్ మీర్జా ఈవెంటింగ్‌లో సిల్వర్ తెచ్చాడు. 1982 తర్వాత ఆసియాడ్ గుర్రపు స్వారీలో మనకి వచ్చిన మొదటి వ్యక్తిగత మెడల్ అదే. రాకేశ్ కుమార్, ఆశిష్ మలిక్, జితేందర్ సింగ్‌లతో కలిసి జట్టు సిల్వర్ కూడా వచ్చింది. ఆయన గుర్రం సీన్యోర్ మెడికాట్, ముద్దుపేరు మికీ. ఆ తర్వాత దానికి దెబ్బ తగిలింది. టోక్యో ఒలింపిక్స్ 2020లో ఉండాలి. ఫవాద్ 2019లో అర్హత సంపాదించింది వేరే గుర్రాల మీద, మికీని తొందరపెట్టలేదు. కోవిడ్ వచ్చి ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడ్డాయి. అందరికీ అది నష్టం, మానుతున్న కాలికి మాత్రం అది ఏడాది సెలవు. 2021లో పోలండ్‌లో మికీ మీదా, దజారా అనే ఇంకో గుర్రం మీదా కావలసిన స్కోరు చేశాడు. మొదట దజారాని ప్రకటించి, తర్వాత మికీకి మార్చాడు. రెండు గుర్రాలు తయారుగా ఉంచుకున్నాడు కాబట్టి ఒకదాన్ని బలవంతపెట్టే అవసరం రాలేదు. మా దగ్గర ఆ మూడో గుర్రమే లేకపోయింది.

క్రాస్ కంట్రీలో 28 సెకన్లు ఆలస్యమై 11.20 పెనాల్టీ పడింది. ఆగస్టు 2 పొద్దున మికీ దుల్కీ పరీక్ష పాస్ అయింది, మధ్యాహ్నం జంపింగ్. నేను మార్కెట్ గేటు దగ్గర డ్యూటీలో ఉండి ఫోన్లో చూశాను. మొదటి రౌండ్‌లో రెండు కర్రలు, ఫైనల్లో మూడు కర్రలు. మొత్తం 59.60, 23వ స్థానం. పక్కనే ఉన్న గార్డు, ఒడిశా కుర్రాడు, "మెడల్ రాలేదా సాబ్" అన్నాడు. రాలేదన్నాను. ఆఖరి అడ్డంకి దాటి మికీ రింగ్ బయటికి నడిచిపోతుంటే నేను ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని దాని ముందు కాళ్ళే చూస్తున్నాను. నడక సమంగానే ఉంది.